నువ్వు గింజంత కిందికి

పోయినేడు జూన్ మొదటి వారంలో నంద్యాలలో నా ఛాతీకి రెండుసార్లు ఫోటో తీశారు. బోర్డు మీద ఎక్స్‌రే అని రాసి ఉంటుంది గానీ మా వైపు అందరం ఫోటో అనే అంటాం. మొదటిసారి తీసింది చెదిరింది.

తీసే అమ్మాయి పేరు లూదియా. తెల్లకోటు జేబు మీద పేరు కుట్టించుకుంది. నన్ను చల్లటి రేకుకు ఆనించి, గడ్డం పైకెత్తించి, తలుపు చాటుకు పోయింది.

"ఊపిరి బిగబట్టు పెదనాయనా. పది లెక్కపెడతా. కదిలితే ఫోటో రాదు."

బిగబట్టాను. ఆమె ఆరు అనేలోపల దగ్గు తన్నుకొచ్చింది.

"ఏం పని చేస్తావ్?" అంది బయటికి వచ్చి.

"రాతిపని. ఆళ్లగడ్డ."

"అట్లనా. మీ ఊరోళ్లు వస్తానే ఉంటారులే. ఈ తూరి అయిదే లెక్కపెడతా."

అయిదు వరకు ఆగగలిగాను. ఇంటికొచ్చే బస్సులో కూడా ఆ అయిదు అంకెలే చెవిలో మోగాయి. నేను ఏడో తరగతి మధ్యలో బడి మాని నాయన దగ్గర సుత్తి పట్టినవాణ్ని. శాస్త్రాలు ఏం చెబుతాయో నాకు తెలియదు, చేతికి తెలిసిందే నాకు తెలుసు. విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు ఊపిరి తీయకూడదు. ఊపిరి తీస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే ఉలి మొన జరుగుతుంది. కంటి గుడ్డు చుట్టూ ఇరవై చిన్న దెబ్బలు, ఒక్క ఊపిరి. ముప్పై అయిదేళ్లు అట్లాగే తెరిచాను. ఇప్పుడు నాది అయిదు అంకెల ఊపిరి. ఆ సంగతి నా భార్య పద్మమ్మకు కూడా చెప్పలేదు.

డాక్టరు ఫోటోను వెలుతురుకు పట్టి చూపించాడు. ఆయన చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. రెండు పక్కలా సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు మాత్రం కనిపించాయి. అది రాతి దుమ్మట. ఇంక రాయి ముట్టొద్దన్నాడు, చలిదేశం పోవద్దన్నాడు, విమానం మాటే ఎత్తొద్దన్నాడు.

నేను ఆ పై నెల నడుమ విమానం ఎక్కాల్సినవాణ్ని.

మరుసటి రోజే శ్యాంసుందర్ శెట్టి నంద్యాల నుంచి షెడ్డుకు వచ్చాడు. ఆయనది బట్టల కొట్టు. ఆయన చెల్లెలి కుటుంబం కెనడాలో క్యుబెక్ అనే ఊళ్లో ఉంటుంది. అక్కడ చేరిన మనవాళ్లు పదిహేను ఇండ్లవాళ్లు కలిసి ఒక పాత రాతి ఇల్లు తీసుకుని అందులో వాసవమ్మను నిలుపుకుంటున్నారు. విగ్రహం నేను చేసిందే. మూడున్నర అడుగుల నల్లరాయి. చలికాలంలోనే చెక్కపెట్టెలో ఓడ ఎక్కింది. కళ్లు మాత్రం తెరవలేదు. రెప్పలు తీర్చి, గుడ్డు రావలసిన చోట ఎర్ర కావితో చెరొక చుక్క పెట్టి పంపాను. అమ్మ ఎక్కడ నిలబడుతుందో అక్కడే కళ్లు తెరవాలి, చేసిన చెయ్యే తెరవాలి. నా ప్రయాణం అందుకే.

"డాక్టరు నాతో కూడా మాట్లాడినాడు," అన్నాడు శెట్టి. "దావలో నీకేమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది."

"అయితే నిలిపేయ్."

"ఎట్ల నిలిపేదప్పా? శ్రావణం రెండో శుక్రవారం ముహూర్తం పెట్టుకున్యారు. నీ తమ్మునికి పాస్‌పోర్టు ఉంది, మలేసియా పోయొచ్చినోడు. వాణ్ని పంపిద్దాం."

నేను ఉలి మొనను బొటనవేలితో తడుముతూ కూర్చున్నాను.

"పదకొండేండ్లు అయింది గదా," అన్నాడు మళ్లీ.

"ఆ లెక్క నీకెవరు చెప్పినారు?"

"ఊరంతా చెప్తాది."

ఊరికి తెలిసింది ఇంతే. ప్యాపిలి దగ్గర ఒక గుట్ట మీది గుడికి ఎల్లమ్మను చేశాను. కళ్లు తెరిచే రోజుకు నేను జ్వరంతో మంచంలో ఉన్నాను. ఆ ఊరి పెద్దలు మేళంతో అమ్మను తీసుకుపోయేదానికి వస్తున్నారని నా తమ్ముడు విజయభాస్కర్ తనే ఉలి పట్టి తెరిచేశాడు. నేను లేచివచ్చి దారం పట్టి చూశాను. రెండు గుడ్లూ నువ్వు గింజంత కిందికి ఉన్నాయి. వాడు ఏదో చెప్పబోయాడు. అందరి ముందర నేను పెద్ద సుత్తి ఎత్తాను. మెడ దగ్గర విరిగి తల కింద పడింది. మేళంవాళ్లు వాయిద్యాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. వాడు ఆ పూటే తన ఉలులు మూటగట్టుకుని పోయి నంద్యాల రోడ్డులో వేరే షెడ్డు వేసుకున్నాడు. వాడి షెడ్డులో అన్నీ మిషన్లే. ఆ పైన రెండు ఇండ్లలోనూ ఏ శుభమైనా ఆడవాళ్లే అటూ ఇటూ తిరిగారు, మేమిద్దరం ఎదురుపడితే రోడ్డు దాటాం.

మొండేన్ని కుందూ ఏట్లో కలిపించాను. తలను కలపలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. షెడ్డు మూలలో, గోడ వైపు ముఖం తిప్పి, గోనెసంచి కప్పి ఉంచాను.

చివరికి శెట్టి మాటకు ఒప్పుకున్నాను. కెనడాకు పోయే ముందర వాడు ఇంటికి వచ్చాడు, నేను లేని వేళ చూసుకుని. వదినకు దండం పెట్టి, "అన్న ఏమన్నా చెప్పమన్యాడా?" అని అడిగాడట. నేను చెప్పి ఉంచిన మాటే పద్మమ్మ చెప్పింది. నేను పెట్టిన చుక్క మీదే తెరవాలి, వెంట్రుకంత కూడా జరపకూడదు.

"ఏమన్యాడు?" అన్నాను.

"ఏమంటాడు. సరే వదినా అన్యాడు. టీ తాగి పోయినాడు."

* * *

మొదటి ఫోటో వచ్చింది పద్మమ్మ ఫోనుకు. అందులో ముప్పావు వంతు వాడి ముఖమే. నల్ల కళ్లద్దాలు, మెడలో మఫ్లరు. వాడి చెవి పక్కన ఎక్కడో పచ్చటి రేకు కప్పుతో కోట లాంటిది ఒకటి ఉంది.

పీఠానికి కాంక్రీటు పోశారు, అది గట్టిపడాలి, అంతవరకు వాడికి పని లేదు. మూడు వారాలు. పనిలేక ఊరు తిరగడం మొదలుపెట్టాడు. వాడు పొద్దున లేచేసరికి మాకు సాయంత్రం. వాడు సాయంత్రం తీసినవి మేము తెల్లారి లేచి చూస్తాం. ఫోటో వెంబడి మాట కూడా పంపేవాడు, అంతా వదినకే.

"వదినా, ఈడ ఊరంతా గుట్ట మీదే కట్టినారు. పైన ఒక ఊరు, కింద ఏటి ఒడ్డున ఒక ఊరు. ఒక ఇంటి వాకిలి ఇంగో ఇంటి మిద్దెకు సమంగా ఉంటాది. నడిస్తే ఎక్కాల్సిందే, లేదంటే దిగాల్సిందే. చదునుగా ఉండేది నేను పండుకునే మంచమొకటే."

పద్మమ్మ నవ్వుకుంటూ నాకు చూపించింది. గోడ ఒకటి ఉంది ఆ ఫోటోలో, పాతకాలంది, కోట గోడ. ముందర మళ్లీ వాడే.

"పక్కకు జరగమను వాణ్ని," అన్నాను. "రాయి కనపడల్యా."

"నువ్వే చెప్పు. ఫోను ఈడే ఉంది."

"నాకేం పని?"

ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "బాస్కరా, మీయన్న గోడ చూడాలంట. నీ మొగం అడ్డమొస్తాందంట. పక్కకు జరుగు నాయనా."

"నేను అట్ల అన్యానా?" అన్నాను.

"అన్యావు. ఆ మాట కూడా ఎక్కినట్టుంది దాంట్లో."

మరుసటి రోజు వచ్చినదాంట్లో వాడు లేడు. గోడ ఒక్కటే ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఏమీ లేదు. బూడిదరంగు గుడ్డ పరిచినట్టుంది.

"నడిమిట్ల పొద్దులో తీసినాడు," అన్నాను. "పొద్దు నెత్తి మీద ఉంటే రాయి చచ్చిపోతాది. ఏటవాలు ఎండలో తీయల్ల. ముప్పై ఏండ్లు ఏం పని చేసినాడో."

అది కూడా ఎక్కింది. పద్మమ్మ వేలు తీయలేదు.

ఆ పైన వచ్చిన ఫోటోలు చూడాలి. పొద్దు వాలి పక్కనుంచి పడుతుంటే ఆ గోడలో ప్రతి ఉలి దెబ్బా లేచి నిలబడింది. ఒక్కో రాయి మీద ఒక్కో చెయ్యి కనిపించింది నాకు. ఒకడు కుడి నుంచి కొట్టాడు, ఒకడు ఎడమచేతివాడు. ఒకడు సోమరి, అంచులు దిద్ది నడుమ వదిలేశాడు. ఎన్ని వందల ఏళ్ల కిందటి మనుషులో, వాళ్లనూ దుమ్మే తినేసి ఉంటుంది. ఆ గోడ ముందర ఎవడూ ఆగడట. పక్కనే ఉన్న ఫిరంగుల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసుకుని పోతారట.

నాకు వేరే పని లేదు. షెడ్డు తలుపు తీసి, మంచం వేసుకుని, దగ్గుతూ కూర్చోవడమే. వాన లేదు. రుద్రవరం వైపు మబ్బు పట్టి ఆశపెట్టి పోయేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను కుయ్యిమంటే పద్మమ్మ కంటే ముందు నా తల లేచేది. ఆమె అది చూసి కావాలనే రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది, చెయ్యి తుడుచుకుంటూ.

రోజులు గడిచేకొద్దీ ఆ ఊరు నాకు తెలిసిపోయింది. కొండ చరియకు ఆనించి కట్టిన పెద్ద చెక్క వసారా, అక్కడి నుంచి చూస్తే సముద్రమంత ఏరు, అందులో ఊళ్లంత ఓడలు. కింది ఊరికి దిగే నిట్టనిలువు మెట్ల దారి. మెట్లు ఎక్కలేని వాళ్లకు చరియ మీద జారే ఒక అద్దాల పెట్టె.

"ఆ మెట్ల దారి కింద ఎడమ పక్కకు ఒక సందు పోతాందే, దాంట్లోకి పొమ్మను," అనేవాణ్ని. "ఆ ఇంటి మూలరాయి ఎట్ల కలిపినారో చూడల్ల."

పద్మమ్మ చెప్పేది. వాడు పోయేవాడు. ఒక రోజు మాట పంపాడు, మాట కంటే రొప్పు ఎక్కువ.

"వదినా, మూడు తూర్లు ఎక్కి దిగినా ఈ పొద్దు. ఆ మూలరాయి కోసం. మోకాళ్లు పట్టుకున్యాయి. ఆయప్పకేం, మంచం మీద కూసోని నన్ను ఎక్కిస్తాండాడు."

మా పాప సాత్విక నంద్యాలలో డిగ్రీ చదువుతుంది. సాయంత్రం బస్సు దిగి వచ్చి పక్కన కూర్చుని తన ఫోనులో ఆ ఊరి మ్యాపు తీసింది. "నాయనా, చిన్నాయన ఈడ ఉండాడు. నువ్వు చెప్పే సందు ఇదే."

"నాకు తెలుసు పాపా," అన్నాను. "దాని పక్కన నీళ్ల తొట్టి ఉంటాది చూడు."

పాప నా వైపు వింతగా చూసింది. పద్మమ్మ లోపలి నుంచే అంది, "మీ నాయన ఆడనే ఉండాడులే. భోజనానికి మాత్రం ఈడికి వస్తాడు."

వాడు రొప్పిన ఆ మాటను, ఎవరూ లేనప్పుడు మళ్లీ పెట్టుకుని విన్నాను. పాప నేర్పించింది ఎక్కడ నొక్కాలో. వాడి రొప్పు ఎక్కితే వచ్చే రొప్పు, కాసేపు నిలబడితే పోతుంది. నాది పోదు.

* * *

ఆఖరి వారంలో ఫోటోలు మారాయి.

గోడలు పోయి విగ్రహాలు రావడం మొదలైంది. చర్చి గుమ్మం పైన గూట్లో నిలబెట్టిన సాధువులు, మేడల ముందర నిలబెట్టిన పాతకాలం దొరలు. ప్రతి విగ్రహానికి రెండేసి ఫోటోలు. ఒకటి కిందనుంచి తలెత్తి తీసింది. ఇంకొకటి, ఆ ఊరు గుట్ట కాబట్టి, ఎదురు వీధి ఎక్కి ఆ విగ్రహానికి సమంగా నిలబడి తీసింది. వాడు మాటేమీ పంపలేదు. వదినా బాగున్యావా అని కూడా లేదు.

"ఒకటే బొమ్మను రెండు తూర్లు ఎందుకు తీస్తాండాడు?" అంది పద్మమ్మ.

"పనిల్యాక," అన్నాను.

రెండో రోజుకు నాకు తెలిసింది. సమంగా నిలబడి తీసినదాంట్లో ఆ సాధువు కునికిపాట్లు పడుతున్నట్టున్నాడు. గుడ్లు కిందికి వాలి ఉన్నాయి, చేతకాని చెయ్యి చేసినట్టు. కింద మెట్ల దగ్గరి నుంచి తీసినదాంట్లో అదే సాధువు నేరుగా నన్నే చూస్తున్నాడు. ఏదో అడగబోతున్నట్టు చూస్తున్నాడు.

ఫోను బోర్లించి పెట్టాను. ఆ రోజు అన్నం సగంలో లేచాను. పద్మమ్మ దగ్గు అనుకుంది.

శ్రావణం రెండో శుక్రవారం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం, పాప కాలేజీ మానేసి ఇంట్లోనే ఉంది. తెల్లారి లేచి ఫోను చూస్తే మూడు ఫోటోలు ఉన్నాయి.

మొదటిది ఆ గుడి చేసుకున్న రాతి ఇల్లు. రెండోది దాని లోపలి మెట్లు. వీధి తలుపు తీయగానే మెట్లే, సన్నగా, నిటారుగా, ఇరవై దాకా ఉంటాయి. మెట్లు ఎక్కిన చోట హాలు, మెట్లకు ఎదురుగా పీఠం. శెట్టి నాకు ఇచ్చిన కాగితంలో హాలు పొడవు ఉంది, వెడల్పు ఉంది, పీఠం ఎత్తు ఉంది. మెట్లు లేవు. నేను అడగలేదు. గుడి అంటే నేల మీద ఉంటుందనుకుని, నా షెడ్డు నేల మీద నిలబడి, అమ్మకు ఎదురుగా దారం పట్టి చుక్కలు పెట్టాను.

మూడోది అమ్మ. మెట్ల మధ్యలో నిలబడి తీశాడు, మనుషులు అమ్మను మొదట చూసే చోటి నుంచి. పక్కన దీపం పెట్టించి ఏటవాలు వెలుగు చేసుకున్నాడు. ముక్కు, పెదవి, గడ్డం కింద నీడ, అన్నీ నేను చేసినవే, ఒక్కటి కూడా తప్పు లేదు. కానీ నా ఎర్ర చుక్కలు ఆ మెట్ల మీది మనిషి నెత్తి మీదుగా ఎదుటి గోడను చూస్తున్నాయి. ఎక్కి వచ్చేవాళ్లు ఎవరో అమ్మకు అక్కర లేనట్టు.

వాడి మాట ఒకటి ఉంది, చిన్నది.

"వదినా, పొద్దున ఎనిమిదికి ఉలి పెడతా. అన్నను ఒక మాట అడుగు. చుక్క మీదే అంటే చుక్క మీదే పెడతా."

అంతే. ప్యాపిలి మాట ఎత్తలేదు.

పద్మమ్మ నా ముఖం చూసింది. "ఏం చెప్పేది?"

"వాని ఎనిమిది మనకు సాయంత్రం గదా. చూద్దాం."

ఆ పగలు ఎంత పొడుగున్నదో నాకు తెలుసు. ఇంట్లో ముత్తైదువలు వచ్చారు, తాంబూలాలు తీసుకుని పోయారు. నేను షెడ్డులో కూర్చున్నాను. చుక్క మీదే అంటే వాడు చుక్క మీదే పెడతాడు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. పూలు, పసుపు, పట్టుచీర, కళ్ల సంగతి ఎవడు కొలుస్తాడు. నా మాట నిలబడుతుంది, నా సుత్తి దెబ్బ నిలబడుతుంది. ఇంక నేను తెరవబోయే కళ్లు లేవు. ఈ రెండే ఆఖరివి, అవి కూడా వేరేవాడి చేత్తో.

నాలుగున్నర అయినాక లేచి, మూలలో గోనెసంచి తీశాను.

"పాపా, ఒక చెయ్యి పట్టు."

సాత్విక వచ్చి, చూసి, చేతులు తుడుచుకుని వంగింది. చిన్నప్పటి నుంచి దాన్ని ముట్టొద్దని చెప్పి పెంచిన పిల్ల. ఇద్దరం తలను పట్టుకుని మిద్దె మెట్ల దగ్గరికి మోశాము. నాలుగు మెట్లకు ఒకసారి ఆగాను. బరువు పాప వైపే ఎక్కువ పెట్టుకుంది, నాకు తెలియకుండా పెట్టుకున్నాననుకుంది. పై మెట్టు మీద నిలబెట్టి, అటూ ఇటూ జరగకుండా కింద రెండు రాతి చెక్కలు దోపాము. దుమ్ము తుడిచాను. దగ్గరి నుంచి, సమంగా చూస్తే అదే తప్పు. నువ్వు గింజంత కిందికి. పదకొండేళ్లుగా నా కంట్లో నలుసు.

మెట్లు దిగాను. కింద వాకిట్లో నిలబడి తల ఎత్తాను.

పడమటి ఎండ పక్కనుంచి పడుతోంది. ఎల్లమ్మ నన్ను చూస్తోంది. రెండు అడుగులు పక్కకు వేశాను, అయినా చూస్తూనే ఉంది. మొండెం లేదని, మెడ విరిగిందని కూడా ఆ చూపుకు తెలియదు.

ప్యాపిలి గుట్టకు అరవై మెట్లో, డెబ్బయ్యో ఉన్నాయని చెప్పేవాళ్లు. నేను ఎక్కలేదు. ఆ పని ఒప్పుకున్నప్పుడు గుడి కొలతలకు గుట్ట ఎక్కింది వాడు. పెద్దవాణ్ని, నేనెందుకు ఎక్కాలి అనుకున్నాను. ఆ రోజు వాడు చెప్పబోయింది రెండు మాటలే అయ్యుంటుంది. మెట్లు ఉన్నాయన్నా, అని.

పద్మమ్మ పళ్లెంతో గడపలోకి వచ్చి పైన తలను చూసి, నన్ను చూసి, పళ్లెం కింద పెట్టింది.

"ఫోను ఇట్లియ్యి," అన్నాను.

ఇచ్చింది. మాట పంపేదానికి పద్మమ్మ ఎక్కడ నొక్కుతుందో చూసి ఉన్నాను. నొక్కాను.

"బాస్కరా," అన్నాను. దగ్గాను, ఆ దగ్గు కూడా పోయి ఉంటుంది. "చుక్క తుడిచేయ్. నువ్వు గింజంత కిందికి. రెండు గుడ్లూ. గీత తిప్పేటప్పుడు ఊపిరి తీయాకు."

వేలు తీశాను. ఇంకేదో చెప్పాలి, మళ్లీ నొక్కబోయి మానేశాను. ఫోను పాపకు ఇచ్చాను.

"ఒక ఫోటో తీయి. చిన్నాయనకు పంపు."

"దేన్ని నాయనా?"

"పైన ఉన్నదాన్ని. కిందనుంచే తీయి. పొద్దు పోకముందే."

తల ఏమన్నా ఒరుగుతుందేమోనని మళ్లీ మెట్లెక్కి, పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డాను. పాప వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని తీసింది. పంపింది. నేను ఊపిరి కూడదీసుకుంటూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

ఎంతసేపో తెలియదు. ఫోను కుయ్యిమంది. ఈసారి పద్మమ్మ ఆలస్యం చేయలేదు. ఫోను ఎత్తి పట్టుకుని అందరికీ వినపడేటట్టు పెట్టింది. మొదట వాడి వెనక ఎవరో మంత్రం చదువుతున్నారు. గంట మోగింది. వాడు ముక్కు ఎగబీల్చాడు, అక్కడ చలేమో. తర్వాత పదకొండేళ్లకు వాడి గొంతు నాతో మాట్లాడింది.

"అన్నా," అన్నాడు. "నువ్వు పక్కకు జరుగు. రాయి కనపడల్యా."

నేను పక్కకు జరిగాను. పాప మళ్లీ తీసింది.